మూడో అంతస్తులో ఓగు రాజు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను నిలదీయొద్దు. నేను కొలతలు పెంచి చెబుతాను. అది నా చేతిలో లేదు, నోట్లో ఉంది. మా వంటింట్లో చారు పొంగితే గోదావరికి వరదొచ్చిందంటాను. నేను చెప్పినదాంట్లో సగం కొట్టేసి, మిగిలిన సగాన్ని మళ్ళీ సగం చేసి, అప్పుడు నమ్మడం మొదలుపెడుతుంది నా భార్య. మీరూ అదే పద్ధతి పాటించవచ్చు.

ఢిల్లీలో, సాకేత్ వైపు, ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ఫెసిలిటీస్ విభాగంలో చాలాకాలం పని చేసి స్వచ్ఛందంగా రిటైరయ్యాను. ఆ స్వచ్ఛందం నాదా, యాజమాన్యానిదా అన్నది వేరే సంగతి. ఫెసిలిటీస్ అంటే పెద్ద పేరే గాని పని చిన్నది. డాక్టర్లు మనుషుల్ని బాగుచేస్తారు. ఆ మనుషులు పడుకునే మంచాల్నీ తిప్పే కుళాయిల్నీ ఎక్కే లిఫ్టుల్నీ మేం బాగుచేస్తాం. మనిషి లేచి నడిస్తే డాక్టరుకు దండం. మంచం కిర్రుమంటే నాకు తిట్లు. ఇప్పుడిప్పుడే ఆసుపత్రుల్లో ఉద్యోగాలకు చేరుతున్న పిల్లలు ఈ సంగతి మొదటి రోజే తెలుసుకుంటే రెండో రోజు ఏడవనక్కర్లేదు.

మా మూడో అంతస్తు ఎముకల వార్డు. అక్కడి నర్సులు దాదాపు అందరూ మనవాళ్ళే: బాపట్ల, తెనాలి, భీమవరం వైపు క్రైస్తవ కుటుంబాల అమ్మాయిలు. వాళ్ళమీద ఒక సీనియర్ సిస్టర్. ఆవిడది బాపట్ల. ఆవిడ గొంతు గురించి ఒక్క మాట చెప్పాలి. మూడో అంతస్తులో ఆవిడ "సెలైన్" అని కేకేస్తే కింద పార్కింగులో కార్ల అలారాలు మోగేవి. నన్ను ఆవిడ "మంచాల సారూ" అని పిలిచేది. నాకున్న హోదా పేరు ఆంగ్లంలో పదకొండు ముక్కలు. ఆవిడ దాన్ని రెండు ముక్కల్లో తేల్చేసింది.

ఆ వార్డులో ఒక పద్ధతి ఉండేది. ఏ శిక్షణలోనూ నేర్పరు. రోగుల ముందే రోగి గురించి మాట్లాడుకోవాల్సి వస్తుంది కదా. తెలుగులో మాట్లాడినా "పన్నెండో బెడ్" అనగానే పన్నెండో బెడ్డు చెవులు నిక్కబొడుచుకుంటుంది. "డాక్టర్" అనగానే డాక్టరు వెనక్కి తిరుగుతాడు. అందుకని ఈ అమ్మాయిలు అందరికీ పాత నిబంధనలోని రాజుల పేర్లు పెట్టేశారు. దావీదు, సొలొమోను లాంటి పెద్దవాళ్ళు పనికిరారు, వాళ్ళు అందరికీ తెలుసు. మూల మూలల్లో, ఒక వచనంలో పుట్టి రెండో వచనంలో పోయే చిన్నరాజులు కావాలి. ఈ విద్యలో వీళ్ళను కొట్టేవాళ్ళు లేరు. చిన్నప్పుడు సండే స్కూల్లో బైబిలు క్విజ్‌లాడి స్టీలు గిన్నెలు గెలుచుకున్నవాళ్ళు. ఆ గిన్నెల్లోనే ఢిల్లీలో ఇప్పటికీ పప్పు వండుకుంటున్నారు.

చెరుకురసం మానలేని చక్కెర రోగి ఒకాయనకు ఎగ్లోను అని పేరు. ఆయన మోయాబు రాజట, లావుగా ఉండటమే ఆయన ఘనత. ఒక కొత్త సర్జను వచ్చి వారం తిరక్కుండా వేరే ఆసుపత్రికి ఎగిరిపోతే, ఏడు రోజులే సింహాసనం మీద కూర్చున్న జిమ్రీ పేరు ఆయనకు దక్కింది. పక్కవాడి ద్రాక్షతోట మీద కన్నేసిన ఆహాబు మా బిల్లింగు విభాగాధిపతి. నాకేం పేరు పెట్టారో అని చాలాకాలం నిద్రపట్టలేదు. చివరికి ఒక అమ్మాయి నోరు జారింది: రబ్షాకే. ఏ దేశపు రాజో అనుకుని ఛాతీ విరుచుకున్నాను. రాజు కాదట. అష్షూరు రాజు పంపిన ఉద్యోగి, కోట గోడ ముందు నిలబడి గొప్పలు అరిచి వెళ్ళినవాడు. నాకు రాజు హోదా కూడా ఇవ్వలేదు చూశారా!

నేను కాకినాడవాణ్ణి. మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం తప్ప వేరే కథ వినలేదు. అందువల్ల ఈ రాజుల చరిత్ర నాకు ముక్కలు ముక్కలుగా, వార్డు వరండాలో, అదీ సిస్టర్‌గారికి తీరికున్నంత మేరకే తెలిసేది. జరిగిన ముప్పంతా ఇక్కడే మొదలైంది.

ఒకరోజు ఘాజియాబాద్ అవతలి ఊరినుంచి ఒక పహిల్వాన్‌ను తీసుకొచ్చారు. ట్రాక్టరు దిగుతూ జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. మనిషి ఎత్తు ఏడడుగుల పైమాటే అని నేనంటాను, ఆరడుగుల ఏడంగుళాలని ఆసుపత్రి టేపు అంటుంది. టేపుకి ఊహాశక్తి తక్కువ. అతణ్ణి మంచం మీద పడుకోబెడితే, తల ఇటు గోడకు తగిలింది, కాళ్ళు అటు వరండాలోకి వచ్చాయి. వచ్చేపోయేవాళ్ళు వాటికి నమస్కారం పెట్టి పక్కకు తప్పుకునేవారు.

అదే రోజు సిస్టర్‌గారు నామకరణం చేసేసింది: ఓగు.

నవ్వులాట అలా ఉంచితే, రెండు పెద్ద చిక్కులున్నాయి. అతని ఊపిరితిత్తుల్లో కాస్త కఫం చేరింది, అది తగ్గేదాకా ఆపరేషన్ ఆగాలి. కాని ఎక్కువ ఆగకూడదు. ఆ వారంలోగా ఎముకలోకి రాడ్డు వెయ్యకపోతే అది వంకరగా అతుక్కుంటుందని, కాలు పొట్టిదైపోతుందని, జన్మంతా కుంటుతూనే తిరగాలని సర్జను తేల్చి చెప్పాడు. రెండోది, పొట్టి మంచం మీద అతని మంచి కాలి మడమ ఇనప చట్రం అంచుకు ఒరుసుకుని ఎర్రబడుతోంది. పుండు పడితే ఆపరేషన్ అసలే ఉండదు.

"మంచాల సారూ, ఇదేం మంచమండీ, ఉయ్యాలా? ఆ మడమ చూశారా? రేపటికల్లా పొడుగు మంచం కావాలి నాకు" అంది సిస్టర్‌గారు.

"పర్చేజ్‌కి రాశానండీ. మూడు కొటేషన్లు రావాలి, కమిటీ కూర్చోవాలి..."

"కమిటీని వచ్చి ఈ మంచం మీద పడుకోమనండి."

ఆవిడ గొంతుకు పక్క బెడ్డులో ఎగ్లోను చెరుకురసం గ్లాసు దాచేశాడు. నేను రెండు పాత మంచాలు బండికెత్తించుకుని ఘాజియాబాద్‌లో తెలిసిన వెల్డింగ్ షాపుకి పరిగెత్తాను. వాటిని కోసి, కలిపి, మళ్ళీ రెండు ముక్కలుగా లిఫ్టులో పైకి తెచ్చి, వార్డులోనే బోల్టులు బిగించాం. అలాంటి మంచం భూమ్మీద ఇంకొకటి లేదు. దాని మీద ఒక చిన్న కుటుంబం కాపురం పెట్టుకోవచ్చు. పహిల్వాన్ కాళ్ళు చాపుకుని మొదటిసారి హాయిగా నిట్టూర్చాడు. ఆ గాలికి కర్టెన్లు లేచాయి. అయితే మంచాన్ని కొలిచాను, మనిషిని కొలిచాను గాని లిఫ్టును కొలవలేదు. విప్పడానికి వీల్లేకుండా బోల్టులు బిగించాక ఆ మంచం ఇక ఎప్పటికీ కిందికి దిగదని తర్వాత తెలిసింది. పిల్లలూ, ఈ వాక్యం మాత్రం గుర్తుపెట్టుకోండి, ఇంటర్వ్యూల్లో పనికొస్తుంది.

మడమ సంగతి తేలింది, కఫమూ తగ్గింది. కాని మనిషి తేలలేదు. అంత మనిషి ఆపరేషన్ అంటే వణికేవాడు. వాళ్ళ నాన్న ఏదో చిన్న ఆపరేషన్‌కని లోపలికి వెళ్ళి తిరిగి రాలేదట. కాగితం మీద సంతకం పెట్టమని రెండుసార్లు అడిగితే రెండుసార్లూ గోడవైపు తిరిగి పడుకున్నాడు. అతని భార్య అతని మోచేతి ఎత్తు ఉండేది, నోరు మాత్రం అతనికంటే పొడుగు.

"ఇత్నా బడా ఆద్మీ, సుయీ సే డర్తా హై! అఖాడే మే షేర్, యహా బిల్లీ!" అని, గోదాలో సింహం సూదికి పిల్లయిందని, వార్డు మొత్తానికి వినబడేలా ఏడ్చేది.

"తూ చుప్ కర్" అనేవాడతను గోడతో.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం నేను బోల్టులు చూడ్డానికి వెళ్తే అతను నా చెయ్యి పట్టుకున్నాడు. నా చెయ్యి అతని చేతిలో కరివేపాకు రెబ్బలా కనబడింది.

"సాహబ్, ఏక్ బాత్ బతావో. యే ఓగూ కౌన్ హై? సిస్టర్ లోగ్ ముఝే దేఖ్ కే ఓగూ ఓగూ బోల్తీ హై."

తనను చూసే ఓగు అంటున్నారని పసిగట్టేశాడు. రోగులకు మారుపేర్లు పెడుతున్నారని పైకి తెలిస్తే సిస్టర్‌గారి ఉద్యోగం మీదికొస్తుంది. "ఏక్ మినిట్" అని వరండాలోకి పరిగెత్తి ఆవిణ్ణి పట్టుకున్నాను.

"అర్జెంటుగా చెప్పండి, ఓగు ఎవరు?"

ఆవిడ ఒక చేత్తో సూది, ఇంకో చేత్తో సీసా పట్టుకుని ఉంది. "బాషాను రాజండీ. మహా పొడుగు మనిషి. రాక్షసుల్లాంటి పాత జాతిలో ఆఖరివాడు. అరవై కోటలు. ఇనప మంచం, తొమ్మిది మూరలు. సెలైన్ అయిపోతోంది, తప్పుకోండి."

అంతే చెప్పింది. నాలాంటివాడికి అది చాలదా? అగ్గిపుల్ల ఇస్తే లంకాదహనం చేసేవాణ్ణి. లోపలికి వెళ్ళి పహిల్వాన్ పక్కన కూర్చుని, నా కాకినాడ హిందీలో ఓగు మహారాజు పురాణం విప్పాను. అరవై కోటలు నా నోట్లో ఆరువందలయ్యాయి. పొద్దున్నే పన్నెండు మేకపోతులతో ఫలహారం చేయించాను. ఏనుగును చెవి పట్టుకుని తిప్పించాను. ఆ ఇనప మంచం తయారుచేసిన కమ్మరికి ఏడు ఊళ్ళు రాసిచ్చాను. పహిల్వాన్ కళ్ళు వెలిగిపోయాయి. వాళ్ళావిడ ఏడుపు మానేసి దగ్గరికి జరిగింది.

"కభీ హారా?" అన్నాడతను, ఎప్పుడైనా ఓడాడా అని.

"ఓగూ? కభీ నహీ!"

అతను వాళ్ళావిడకు వినబడకుండా గొంతు తగ్గించాడు. "ఉస్‌కా కభీ ఆపరేషన్ హువా థా?"

ఇక్కడ ఆగాల్సింది. తెలివైనవాడెవడైనా ఆగుతాడు.

"హువా థా!" అన్నాను. "హస్తే హస్తే కర్‌వాయా!"

నవ్వుతూ నవ్వుతూ ఆపరేషన్ చేయించుకున్న ఓగు రాజు తాలూకు ధైర్యంతో అతను ఆ సాయంత్రమే కాగితం తెప్పించుకుని సంతకం పెట్టాడు. వార్డంతా చప్పట్లు. సర్జను నా భుజం తట్టాడు. జీవితంలో ఒక డాక్టరు నా భుజం తట్టడం అదే మొదలు, అదే ఆఖరు.

మధ్యాహ్నం డ్యూటీ దిగి వెళ్ళిన సిస్టర్‌గారు, రాత్రికి మనిషి తక్కువై, చీకటి పడుతుండగా మళ్ళీ డ్యూటీకి వచ్చింది. సంగతి విని నన్ను మందుల గదిలోకి పిలిచింది.

"ఏమండీ మంచాల సారూ, ఓగు ఎప్పుడూ ఓడిపోలేదని చెప్పారంట?"

"అవునండీ. ఏం, ఓడిపోయాడా?"

"ఆ అధ్యాయంలో ఆయన పని అదొక్కటేనండీ, ఓడిపోవడం. మోషే మీదికి యుద్ధానికి వస్తాడు, పోతాడు. కొడుకులూ పోతారు, ఊళ్ళూ పోతాయి. మంచం ఒక్కటే మిగుల్తది."

నాకు నోట మాట రాలేదు. ఈ సంగతి కొట్టేయకుండా మొత్తం నమ్మండి.

"ఇప్పుడెళ్ళి ఏం దిద్దకండి" అందావిడ. "రేప్పొద్దున ఆపరేషన్ అయ్యేదాకా ఈ వార్డులో ఎవరూ ఓగు ఊసెత్తొద్దని మా పిల్లలకి చెప్తాను. మీరూ నోటికి ప్లాస్టరేసుకోండి."

మర్నాడు పొద్దున పహిల్వాన్‌ను రాజమంచం మీదినుంచి స్ట్రెచర్ మీదికి మార్చడానికి ఆరుగురు అటెండెంట్లు కావాల్సివచ్చింది. మంచం లిఫ్టులో పట్టదు కదా. ఆపరేషన్ థియేటర్ కింద, ఒకటో అంతస్తులో. సర్జను చేతులు కడుక్కుని ఎదురుచూస్తున్నాడని కబురొచ్చింది. లిఫ్టు ముందు వరండాలో స్ట్రెచర్ ఆగింది. లిఫ్టు రాలేదు. ఢిల్లీలో దుమ్ము ఎక్కని చోటు లేదు, మా లిఫ్టు రావాల్సిన వేళకు వచ్చిన రోజూ లేదు. అది కూడా నా శాఖే.

సరిగ్గా అప్పుడు మెట్ల మీదినుంచి మా నర్సులు వెళ్ళే తెలుగు చర్చి పాస్టరుగారు ఎక్కివచ్చారు. తుంటి విరిగిన ఒక తెలుగు మామ్మగారికి ప్రార్థన చేయడానికి వచ్చారు. మంచి మనిషి, రాజమండ్రి మనిషి. చంకలో నల్ల అట్ట పుస్తకం. దాన్ని చూడగానే పహిల్వాన్ తలెత్తాడు.

"పాదరీ జీ! రాజా ఓగూ కీ కహానీ ఇసీ మే హై నా? థోడా సునా దో. హిమ్మత్ ఆయేగీ."

ధైర్యం కోసం ఓగు కథ చెప్పమనేసరికి పాస్టరుగారు నిలబడిపోయారు. ఆయన ముఖంలో దీపాలు వెలిగాయి. నోవహు గురించి అడిగినవాళ్ళున్నారు, యోనా గురించి అడిగినవాళ్ళున్నారు. ఇన్నేళ్ళ సేవలో ఓగు గురించి ఒక ఆత్మ అడగడం ఇదే మొదటిసారి. పుస్తకం తెరవను కూడా లేదు, కళ్ళు మూసుకుని అందుకున్నారు. నేను స్ట్రెచర్ వెనకనుంచి రెండు చేతులూ ఊపాను. దోమల్ని తోలుతున్నానేమో అనుకుని ఆయన కూడా ఒకసారి చెయ్యి ఊపి కొనసాగించారు.

"ఓగూ రాజా బహుత్ బడా థా భాయీ! లేకిన్ మోషే కే సామ్నే క్యా హువా? ఉస్‌కో మారా! ఉస్‌కే బేటోంకో మారా! ఉస్‌కే సారే లోగోంకో మారా! ఏక్ భీ నహీ బచా! హల్లెలూయ!"

ఒక్కడూ మిగల్లేదన్న ఆ మాటకు లోపల వార్డులోనుంచి మామ్మగారొక్కరే "ఆమేన్" అన్నారు.

లిఫ్టు అప్పుడొచ్చింది. చూశారా దాని సమయపాలన! తలుపులు తెరుచుకున్నాయి. పహిల్వాన్ రెండు చేతులూ చాపి తలుపు చట్రాన్ని చెరోపక్కా పట్టుకున్నాడు. ఆరుగురు అటెండెంట్లు తోశారు. ఆసుపత్రి భవనం కాస్త వంగింది గాని స్ట్రెచర్ కదల్లేదు.

"వాపస్! నహీ జానా! వాపస్ లే చలో!"

వాళ్ళావిడ గోడకానుకుని కింద కూర్చుండిపోయింది. ఈసారి తిట్టలేదు. కిందనుంచి ఫోను: ఇంకాసేపట్లో తీసుకురాకపోతే వేరే కేసు మొదలుపెడతామని. ఆ కేసు తర్వాత ఇంకో కేసు, ఆ తర్వాత సర్జను సెలవు. కాలు వంకరగా అతుక్కోవడానికి ఎముకకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అప్పుడు వచ్చింది సిస్టర్‌గారు. రాత్రి డ్యూటీ దిగింది, భుజాన సంచి, చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా. కింద స్టాఫ్ బస్సు హారన్ కొడుతోంది. విషయం అర్థం కావడానికి ఆవిడకు ఒక్క చూపు చాలింది: ముందు నావైపు, తర్వాత పాస్టరుగారివైపు. ఇద్దరం చెరో అంగుళం కురచైపోయాం.

"సిస్టర్, ఆప్ నే ముఝే మర్నేవాలే కా నామ్ దియా?" అన్నాడు పహిల్వాన్, చచ్చేవాడి పేరా నాకు పెట్టింది అని. ఏడుస్తున్నాడు.

ఆవిడ సంచి కింద పెట్టింది. తన బాపట్ల హిందీలో ఇలా చెప్పింది:

"హా, దియా. ఎందుకిచ్చానో విను. మా పిల్లలు నిన్ను పక్కకి తిప్పడానికి భయపడ్డారు. సూది వెయ్యడానికి నువ్వంటే నువ్వని తోసుకున్నారు. ఆ కథలో మోషేకి ముందే ఒక మాట చెప్తారు, ఓగుని చూసి భయపడకు అని. ఆ మాట గుర్తుండాలని వాళ్ళకోసం పెట్టానా పేరు. ఆ కథలో ఓగు ఉన్నది ఎందుకనుకున్నావ్, ఎదటివాడు భయపడకుండా ఉండటం నేర్చుకోడానికి. ఆజ్ తూ ఓగూ నహీ హై. ఓగు కింద ఉంది, ఒకటో అంతస్తులో, పెద్ద పెద్ద లైట్లేసుకుని. ఇవాళ మోషే నువ్వు."

పహిల్వాన్ ముక్కు తుడుచుకుని, మోషే గెలిచాడు కదా అని అడిగాడు. "మూసా జీతా థా నా?"

"జీతా."

"లేకిన్ మోషే భీ కనాను దేశ్ మే..." అని, మోషే ఆ దేశంలో అడుగుపెట్టకుండానే పోయిన సంగతి పాస్టరుగారు మొదలుపెట్టారు. నేను ఆయన నోటికి అడ్డంగా చెయ్యి పెట్టి టీ తాగుదురుగాని రండని క్యాంటీన్‌కు లాక్కుపోయాను. వెనక స్ట్రెచర్ చక్రాలు కదిలిన చప్పుడు వినబడింది.

రాడ్డు పడింది. ఎముక తిన్నగా అతుక్కుంది. కొన్ని వారాలు వాకరు పట్టుకుని, తర్వాత కర్ర పట్టుకుని, తర్వాత వాళ్ళావిణ్ణి పట్టుకుని, చివరికి ఏమీ పట్టుకోకుండా నడిచాడు. రోగులకు మారుపేర్ల గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఆ మంచం మాత్రం మూడో అంతస్తులోనే ఉండిపోయింది. ఆడిట్‌కు వచ్చినవాళ్ళు అది ఏ లెక్కలోకి వస్తుందో తెలియక దాని మీద కూర్చుని టీ తాగి వెళ్ళేవారు.

సరే, కల్పించినది ఏదో చెబుతానని లోపల్లోపల నాకు నేనే మాటిచ్చుకున్నాను. పహిల్వాన్ ఉన్నాడు. మంచం ఉంది. పాస్టరుగారు అక్షరాలా అలాగే చెప్పారు, హల్లెలూయతో సహా. ఇవన్నీ నేను పెంచానే గాని పుట్టించలేదు. పుట్టించినది సిస్టర్‌గారి ఉపన్యాసం. ఆ మోషే, ఆ లైట్లు, ఇవాళ నువ్వు ఓగువి కాదు అనడం, అంతా ఉద్యోగం మానేశాక మెట్రోలో కూర్చుని నేను అల్లుకున్నది. రాత్రంతా నిలబడి డ్యూటీ దిగిన మనిషికి అంత మాట్లాడే ఓపిక ఎక్కడుంటుంది? పాస్టరుగారిని క్యాంటీన్‌కు లాక్కుపోయిందీ అబద్ధమే.

ఆవిడ నిజంగా సంచి కింద పెట్టి, అతని చేతి మీద చెయ్యేసి అన్నది ఇంతే: "చలో. మై భీ చల్తీ హూ." పద, నేనూ వస్తానని.

అతను చట్రం వదిలేశాడు.

కాని లిఫ్టులో స్ట్రెచరూ అటెండెంట్లూ పట్టేసరికి ఆవిడకు చోటు మిగల్లేదు. తలుపులు మూసుకున్నాయి. లోపలనుంచి "సిస్టర్! సిస్టర్!" అని అతని గొంతు. కింద బస్సు హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది. ఆవిడ చెప్పులు చేతబట్టుకుని మెట్ల మీద పరిగెత్తింది. వెనకాల నేను, నా వెనకాల పుస్తకం చంకనబెట్టుకుని పాస్టరుగారు. ఇద్దరం అందుకోలేకపోయాం.

మేం చేరేసరికి లిఫ్టు తెరుచుకుంటోంది. ఆవిడ ఎదురుగా నిలబడి ఉంది, గోడ పట్టుకుని, ఒగరుస్తూ.

"ఆ గయీ, సిస్టర్?" అన్నాడతను, వచ్చేశారా అని.

ఆ ఆయాసంలో ఆవిడకు హిందీ అందలేదు.

"మరి?" అంది.